ఫిలిప్పీను చలనచిత్ర పితామహుడు హోసె నెపొముసేనో

1919 సెప్టెంబరు 12వ తేదీన మనీలా నగరమున నొక నాటకశాలయందు చలనచిత్రమొకటి ప్రదర్శింపబడెను. చిత్రము మూకీ. అయినను తెరమీద నాయిక పాడు ఘట్టము వచ్చినంతనే శాలయందు పాట వినవచ్చెను. ఆ పాత్రను ధరించిన ఆటాంగ్ దె లా రామా అను 17 ఏండ్ల గాయని తానే వాద్యగాండ్రతో నచ్చట నిలిచి, తెరమీది తన నీడకు తన గొంతు నరువిచ్చుచుండెను. చిత్రము పేరు ‘దలగాంగ్ బుకిద్’. పల్లెపడుచు అని అర్థము. ఫిలిప్పీను జాతివాడు తీసిన తొలి కథాచిత్రముగా చరిత్రకారులు దీనినే పేర్కొందురు. నిర్మాత, దర్శకుడు, కెమెరా త్రిప్పినవాడు మువ్వురు నొక్కడే. ఆతడే హోసె నెపొముసేనో.

నెపొముసేనో 1893 మే 15న మనీలాలో జన్మించెను. అప్పటికా దీవులు స్పెయిను ఏలుబడిలో నుండెను. ఆతనికి నాలుగేండ్లు నిండకముందే, 1897 జనవరి 1న, మనీలాలోని ఎస్కోల్టా వీథిలో మొదటిసారి కదలెడు బొమ్మలు చూపబడెను. మరుసటి యేడు డిసెంబరులో జరిగిన పారిస్ సంధి ననుసరించి స్పెయిను ఆ దీవులను రెండుకోట్ల డాలర్లకు అమెరికాకు ధారపోసెను. సంతలో పశువు చేతులు మారినట్లు ఒక జాతి చేతులు మారెను. ఆ జాతివారి నడిగినవారు లేరు.

కొత్త దొరలతోపాటు కెమెరాయు వచ్చెను. అది పాలకుల చేతిలో నెట్టి పని చేసినదో తెలిసిననే నెపొముసేనో చేసిన పని విలువ తెలియును. 1904లో అమెరికాలోని సెయింట్ లూయీ ప్రదర్శనమున ఫిలిప్పీను కొండజాతులవారిని గుడిసెలతో సహా వింతవస్తువులవలె జనులకు చూపిరి. 1913 వరకు ఆ దీవులలో నున్నతాధికారిగా నున్న డీన్ వూస్టర్ కొండజాతులవారి ఛాయాచిత్రములను చలనచిత్రములను వెంటబెట్టుకొని అమెరికాలో ఉపన్యాసములిచ్చి, వీరికి స్వపరిపాలన మిచ్చు కాలమింకను రాలేదని వాదించెను. బొమ్మ అబద్ధమాడదని జనుల నమ్మకము. కాని దేనిని చూపవలెను, దేనిని దాచవలెను అను నిర్ణయము కెమెరా వెనుకనున్న వానిదే గదా! కడకు, 1896లో స్పెయిను ప్రభుత్వము కాల్చిచంపిన జాతీయవీరుడు హోసె రిజాల్ కథను 1912లో తెరకెక్కించినవారును ఒకరితో నొకరు పోటీపడిన అమెరికను వ్యాపారులే.

నెపొముసేనో వృత్తిచే ఛాయాగ్రాహకుడు. మనీలాలో ఆతనికి చక్కగా సాగుచున్న ఫొటో స్టూడియో యుండెను. పెండ్లిబొమ్మలు, పెద్దమనుషుల బొమ్మలు తీయుచు సుఖముగా కాలము గడపవచ్చును. ఆతడట్లు చేయలేదు. 1917లో స్టూడియోను అమ్మివేసి, చలనచిత్రములు తీయు పరికరములు సంపాదించి, సోదరుడు హెసూస్‌తో కలిసి ‘మలయన్ మూవీస్’ అను సంస్థను నెలకొల్పెను. ఇది సాహసమే. దేశమున నాతనికి నేర్పువారు లేరు.

ఆ కాలమున ఛాయాగ్రహణ మెంత కష్టమో ఈనాటి విద్యార్థులకు తెలియుట కష్టము. కెమెరాకు మోటారు లేదు. క్షణమునకు సుమారు 16 బొమ్మలు పడునట్లు చేతితోనే పిడిని త్రిప్పవలెను. చేయి తడబడినచో తెరమీద మనుష్యుడు పరుగెత్తును. లేదా ఈడ్చుకొనుచు నడచును. నాటి ఫిలిమునకు ఎరుపురంగు కనబడదు. ఎర్రని పెదవులు నల్లగా పడును. నీలాకాశము సున్నము కొట్టిన గోడవలె తెల్లగా పడును. గోధుమవన్నె ముఖములు ఉన్నదానికన్న నల్లబడును. తెల్లవారి ముఖములకు సరిపోవు కొలతలు ఫిలిప్పీను ముఖములకు సరిపోవు. ఏ వేళ యెండ యెటునుండి పడవలెను, ముఖమున కెంత పూత పూయవలెను అను విషయము అచ్చటి ఛాయాగ్రాహకుడు అచ్చటి ముఖములను చూచియే నేర్చుకొనవలెను. ఏండ్ల తరబడి స్వదేశీయుల ముఖములను స్టూడియోలో కూర్చుండబెట్టి బొమ్మలు తీసిన నెపొముసేనోకు ఆ విద్య అప్పటికే చేతిలో నున్నది. ఇక ఉష్ణదేశపు చిక్కులు వేరు. ద్రావకములు వేడెక్కినచో ఫిలిముమీది జిలటిన్ పొర మెత్తబడి జారిపోవును. తేమకు బూజు పట్టును. తీయుట ఒక యెత్తు, కడుగుట మరియొక యెత్తు.

ఆతడు తొందరపడి కథలోనికి దుముకలేదు. రెండేండ్లపాటు జరిగినదానిని జరిగినట్లు తీయు చిన్నచిత్రములతో చేయి కుదుర్చుకొనెను. 1918లో సెబూ నగరమున, నాటి శాసనసభాధ్యక్షుడు సెర్హియో ఓస్మేన్యా పత్ని అంత్యక్రియలను తీసిన చిత్ర మట్టివానిలో నొకటి. వార్తాచిత్రమున దర్శకుడు చెప్పినట్లు నడచువారుండరు. జరుగుచున్నదానిలో నేది ముఖ్యమో కన్నే యెన్నుకొనవలెను. ఛాయాగ్రాహకుడు దర్శకుడగుటకు తొలిమెట్టు ఈ యెన్నికయే యనవచ్చును.

కథాచిత్రమునకు పూనుకొన్నప్పు డాతడు ఎన్నుకొన్నది విదేశకథ కాదు. ‘సార్సువేలా’ యను సంగీతనాటకప్రక్రియ స్పెయినునుండి వచ్చినదే యయినను తగలోగు భాషలో చక్కగా వేళ్లూనినది. అందు హెర్మొహెనెస్ ఇలాగన్ రచించి, లెయోన్ ఇగ్నాసియో బాణీలు కట్టిన ‘దలగాంగ్ బుకిద్’ జనుల మెప్పు పొందియుండెను. పూలమ్ముకొను ఆంహెలీతా అను పడుచు, సిప్రియానో అను న్యాయశాస్త్ర విద్యార్థిని వలచును. తల్లిదండ్రులు జూదమున మునిగి, వడ్డీవ్యాపారియగు దొన్ సిల్వెస్త్రె అను ముసలివాని సొమ్ముకు లోబడి, కూతు నాతని కిచ్చుట కొప్పుకొందురు. ఆ పిల్ల ప్రియునితో దేవాలయమునకు పోయి వివాహమాడి వచ్చును; ముసలివాడు మూర్ఛిల్లును. తెలుగువారి కిచ్చట లుబ్ధావధానులు గుర్తునకు రాక మానడు. ముసలివాని ధనము, పిల్ల కన్నీరు ఏ సముద్రము దాటినను మారలేదు.

నాటకమున నటించిన ఆటాంగ్‌నే చిత్రమునకును తీసికొనెను. మార్సెలియానో ఇలాగన్ ఆమె కెదురు నటించెను. సంభాషణ ఫలకములు ఇంగ్లీషు, స్పానిషు, తగలోగు భాషలు మూటిలో నుండెను. అట్లుండక తీరదు. పాత దొరల భాష చదివిన తండ్రియు, కొత్త దొరల బడిలో చదువుచున్న కుమారుడును, ఇంటిభాష తప్ప వేరెరుగని తల్లియు ప్రక్కప్రక్కన కూర్చుండి చూడవలెను గదా! తెరమీద తమ యింటివంటి యిల్లు, తమ యెండ, తమ జూదరితండ్రి కనబడుట ఆ ప్రేక్షకులకు కొత్త. చిత్రము విజయమొందెను. మరుసటి యేడు, 1920లో, దొన్ సిల్వెస్త్రె పగ తీర్చుకొను కథతో మరియొక చిత్రమును తీసెను.

ఆపైని మూకీచిత్రములను వేగముగ చెప్పిన చాలును. 1926లో ‘ఆంగ్ తత్లోంగ్ హంబోగ్’ అను చిత్రమున లూయీస్ తుఅసోన్, డింపుల్స్ కూపర్ తెరమీద ముద్దిడుకొనిరి. ఫిలిప్పీను చిత్రములలో నదియే మొదటి ముద్దని ప్రసిద్ధి. కథకన్న ముద్దే మిగిలినది. అంతకన్న గౌరవార్హమైనది 1930లో రిజాల్ నవల ‘నోలి మె తాన్హెరె’ను తెరకెక్కించుట. 1912లో అమెరికనులు రిజాల్ మరణమును చూపినారు. నెపొముసేనో ఆతని భావమును చూపబూనెను. నూతన నటులను గుర్తించుటలోను ఆతని కన్ను చురుకైనది. రొహేలియో దె లా రోసా అను తెరపేరు ఆతడు పెట్టినదే. ఆ నటుడు తరువాత సెనేటు సభ్యుడును, రాయబారియు నయ్యెను.

టాకీలు వచ్చినప్పుడు మూకీ దర్శకులు పెక్కుమంది చేతులెత్తివేసిరి. నెపొముసేనో 1933లో అంతోనియో సెంపియో నవల నాధారముగా గొని ‘పున్యాల్ న గింతో’ అను మాటాడు చిత్రమును తీసెను. కాని శబ్దము వచ్చినపిదప పెట్టుబడులు పెరిగెను. 1937లో సంపగీతా, 1938లో ఎల్.వి.ఎన్. అను పెద్ద స్టూడియోలు వెలసెను. ఒక్కడే కథ యెన్నుకొని, కెమెరా త్రిప్పి, ఫిలిము కడిగి, అతికి, ఆడించు కాలము గతించెను.

ఆతని కళయెట్టిదని విద్యార్థి యడిగినచో సమాధానము కష్టము. ఆతని మూకీచిత్రము లొక్కటియు నేడు లేవు. నాటి ఫిలిము నిప్పునకు కర్పూరమువంటిది, తేమకు చీకిపోవును. 1945 ఫిబ్రవరి, మార్చి మాసములలో మనీలాకొరకు జరిగిన యుద్ధమున నగరమే భస్మమయ్యెను. యుద్ధమునకు పూర్వపు ఫిలిప్పీను చిత్రములలో వ్రేళ్లమీద లెక్కింపదగినవే మిగిలినవి. కావున ఆతని దృశ్యరచన యద్భుతమని పొగడువారు చూడనిదానిని పొగడుచున్నారు. ఆ పొగడ్త ఆతని కక్కరలేదు. పరులచేతిలోనున్న పరికరమును లాగికొని స్వజనులవైపు త్రిప్పినాడు. అందులకు తన జీవనోపాధినే అమ్ముకొన్నాడు. ఈ రెండును రుజువైన విషయములు.

నెపొముసేనో 1959 డిసెంబరు 1న కన్నుమూసెను. కెమెరానుండి దర్శకత్వమునకు ఆతడు వేసిన దారి మాసిపోలేదు. 1975లో లీనో బ్రోకా చిత్రమునకు ఛాయాగ్రాహకుడైన మైక్ దె లియోన్ మరుసటి యేడే ‘ఇతిమ్’ చిత్రముతో దర్శకుడయ్యెను. 2018 సెప్టెంబరు 12 మొదలు ఒక సంవత్సరమును ఫిలిప్పీను ప్రభుత్వము చలనచిత్ర శతాబ్ది వత్సరముగా ప్రకటించెను. ఎవరును చూడజాలని ఆ పల్లెపడుచు చిత్రమునుండియే ఆ లెక్క. నెపొముసేనో కుమారుడు లూయీస్ కూడ దర్శకుడే. ఆతడు 1968లో తీసిన చిత్రము పేరు ‘ఇగొరోతా’. వూస్టర్ అమెరికాలో చూపిన ఆ కొండజాతి స్త్రీయే అందు నాయిక.