నాడిలో గుండె గుట్టు చదివిన వెంకెబాక్

మణికట్టుపై వేళ్లు ఆనించి నాడి చూసే వైద్యుడు మన పల్లెలకు చిరపరిచితుడు. లయ తప్పిన నాడిలోనూ ఒక క్రమం దాగి ఉన్నదని గుర్తించి, హృద్రోగ శాస్త్రానికి దారి చూపిన మహనీయుడు కారెల్ ఫ్రెడెరిక్ వెంకెబాక్.

ఆయన 1864 మార్చి 24న నెదర్లాండ్స్ దేశంలోని ది హేగ్ నగరంలో జన్మించారు. ఉట్రెక్ట్‌లో వైద్యవిద్య ముగించి, 1891లో జర్మనీ సరిహద్దుకు చేరువనున్న హేర్లెన్‌లో వైద్యవృత్తి చేపట్టారు. కొన్నేళ్లు గ్రామీణులకు సేవచేసి, తిరిగి ఉట్రెక్ట్ చేరుకున్నారు.

అక్కడ ఒక స్త్రీ నాడి ఆయనను ఆలోచింపజేసింది. కొన్ని స్పందనలు వరుసగా వచ్చేవి. ఆపై ఒకటి లోపించేది. మళ్లీ అదే వరుస. ఆనాటికి ఈసీజీ యంత్రం లేదు. నాడి కదలికను కాగితంపై గీతగా దింపే సాధనమొక్కటే ఆధారం. ఆ గీతలను ఓపికతో కొలిచి, ఆయన 1899లో తన నిర్ణయాన్ని ప్రకటించారు. గుండె పై గదులు క్రమంగానే కొట్టుకొంటున్నవి. ఆ సంకేతం కింది గదులకు చేరడంలో మాత్రం ప్రతిసారీ కొంత ఆలస్యం పెరుగుతున్నది. చివరకు ఒక సంకేతం చేరనే చేరదు. ఆ విరామంతో మార్గం తేరుకొని, వరుస మొదటికి వస్తుంది.

పై గదులకూ కింది గదులకూ నడుమనున్న కణుపును జపాన్ శాస్త్రజ్ఞుడు సునావో తవారా వర్ణించినది 1906లో. అంతకు ఏడేళ్ల ముందే, కంటికి కనబడని ఆ మార్గంలోని అవరోధాన్ని వెంకెబాక్ ఊహించగలిగారు. లైడెన్‌లో ఐంథోవెన్ రూపొందించిన ఈసీజీ యంత్రం వ్యాప్తిలోకి వచ్చాక ఆ ఊహ నిజమని తేలింది. ఈసీజీలో చిన్న అలకూ నిటారు అలకూ నడుమ ఎడం కొద్దికొద్దిగా పెరుగుతూ పోయి, ఒకచోట నిటారు అల లోపిస్తుంది.

1924లో మోబిట్జ్ ఇట్టి అవరోధాలను రెండు రకాలుగా విభజించారు. మొదటిది వెంకెబాక్ పేరిట ప్రసిద్ధమైనది. క్రీడాకారులలోనూ, నిద్రలోనూ కనిపించే ఈ రకం సాధారణంగా ప్రమాదకరం కాదు. రెండవ రకంలో ఎడం పెరగకుండానే హఠాత్తుగా స్పందన లోపిస్తుంది. అది పూర్తి అవరోధంగా మారవచ్చును. అట్టివారికి పేస్‌మేకర్ అవసరం కావచ్చును. ఒకరికి ధైర్యం చెప్పి పంపాలా, మరొకరికి వెంటనే చికిత్స చేయాలా అన్నది ఈ తేడాపైనే ఆధారపడి ఉంటుంది.

వెంకెబాక్ గ్రోనింగెన్, స్ట్రాస్‌బర్గ్, వియన్నా విశ్వవిద్యాలయాలలో ఆచార్యులుగా పనిచేశారు. క్వినైన్ మింగితే తన నాడి కుదుటపడుతున్నదని ఒక వర్తకుడు చెప్పగా, ఆయన దానిని తేలికగా కొట్టివేయలేదు. పరీక్షించి, కొందరికి గుణమిచ్చినదని 1914లో వెల్లడించారు. లయదోషాలకు వాడిన క్వినిడిన్ మందుకు అదే నాంది అయినది.

1940 నవంబరు 11న వియన్నాలో ఆయన కన్నుమూశారు. రోగి నాడిని ఓపికగా చూడడం, రోగి మాటను శ్రద్ధగా వినడం, ఈ రెండే ఆయన సాధనసంపత్తి. లోపించిన ఒక్క స్పందన ముందు ఏమి జరిగినదో చూడనిదే తీర్పు చెప్పరాదన్నది ఆయన జీవితం నేర్పిన పాఠం.