ముప్పై ఏళ్ళకు గజ్జె కట్టి...

ఇవాళ నంద్యాలలోనో, ఆళ్ళగడ్డలోనో ఒక అమ్మాయి డాన్సు నేర్చుకుంటానంటే ఇంట్లోవాళ్ళు సాధారణంగా అడిగేది ఫీజు ఎంత, క్లాసు ఎన్ని గంటలకు అనే! తొంభై ఏళ్ళ కిందట సంగతి వేరు. పరువు గల ఇంటి పిల్ల కాలికి గజ్జె కట్టడమంటే ఇంటిల్లిపాదీ తల దించుకునే రోజులవి. ఆ భయాన్ని పోగొట్టినవారిలో ముందు వరసలో నిలిచే మనిషి రుక్మిణీదేవి అరండేల్. మనం 'బ్యాలే' అని పిలుచుకునే నృత్య నాటకానికి మన శాస్త్రీయ నాట్యంలోంచే ఒక రూపం తెచ్చిన మహిళ.

పెళ్ళితోనే గొడవ

1904 ఫిబ్రవరి 29న మధురైలో పుట్టారామె. తండ్రి నీలకంఠశాస్త్రి ఇంజనీరు. దివ్యజ్ఞాన సమాజంలో సభ్యుడు. ఉద్యోగ విరమణ తర్వాత కుటుంబం మద్రాసులోని అడయారు చేరింది. 1920లో, పదహారేళ్ళ వయసులో, తనకంటే పాతికేళ్ళు పెద్దవాడైన ఆంగ్లేయుడు జార్జ్ అరండేల్‌ని పెళ్ళాడారు. బ్రాహ్మణ పిల్ల తెల్లవాణ్ణి చేసుకోవడమా! అంటూ మద్రాసు అట్టుడికిపోయింది. ఆమె మాత్రం భర్తతో కలిసి దేశదేశాలు తిరిగారు.

1928 ప్రాంతంలో ప్రపంచ ప్రఖ్యాత రష్యన్ బ్యాలే నర్తకి అన్నా పావ్లోవా పరిచయమైంది. ఆమె బృందంలోని క్లియో నోర్డి దగ్గర రుక్మిణీదేవి బ్యాలే పాఠాలు మొదలుపెట్టారు. అయితే మీ దేశపు నాట్యాన్ని కూడా వెతికి పట్టుకోమని పావ్లోవాయే సలహా ఇచ్చింది. పరాయి దేశపు నర్తకి చూపించిన దారి చివరికి సొంతింటికి చేర్చింది!

వాళ్ళు ఇచ్చిన విద్య

1933లో మద్రాసు మ్యూజిక్ అకాడమీలో 'సదిర్' చూశారు. అప్పట్లో అది దేవదాసీ కుటుంబాల స్త్రీల విద్య. ఆ నాట్యాన్ని రూపుమాపాలని ఒకవైపు ఉద్యమం సాగుతోంది. ఆ కాలంలోనే రుక్మిణీదేవి మైలాపూర్ గౌరి అమ్మాళ్ దగ్గరా, పందనల్లూరు మీనాక్షిసుందరం పిళ్ళై దగ్గరా నేర్చుకోవడానికి కూర్చున్నారు. అప్పటికి ఆమెకు ముప్పై ఏళ్ళు దగ్గర పడుతున్నాయి! 1935 డిసెంబరులో అడయారులో మొదటి ప్రదర్శన ఇచ్చారు. 1936 జనవరిలో కళాక్షేత్రం మొదలైంది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. ఆమె నాట్యంలో శృంగారాన్ని తగ్గించి భక్తికి పెద్ద పీట వేశారు. ఆ కుటుంబాల నుంచే వచ్చిన మహానర్తకి బాలసరస్వతి దీన్ని ఒప్పుకోలేదు. శృంగారమే ఈ నాట్యానికి ప్రాణమని ఆమె వాదన. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది. అప్పుడు కర్నూలు జిల్లాలో ఉన్న నంద్యాల, ఆళ్ళగడ్డలు కూడా ఆ రాష్ట్రంలోవే. చట్టం ఎందరో ఆడపిల్లల్ని కాపాడింది, నిజమే. కానీ తరతరాలుగా విద్యను కాపాడిన స్త్రీలకు వేదికా, జీవనమూ రెండూ దూరమయ్యాయి. మన ఇళ్ళ పిల్లలకు దక్కిన గౌరవంలో గౌరి అమ్మాళ్ వంటివారి బాకీ ఉంది.

ఒక్కరు కాదు, ఊరంతా

అంతవరకూ ఒకే నర్తకి నాయికా, సఖీ, నాయకుడూ అన్నీ తానే అయి అభినయించేది. వాద్యకారులు వెనకే నిలబడి ఆమెతో పాటు కదిలేవారు. రుక్మిణీదేవి వాళ్ళను వేదికకు ఒక పక్కన కూర్చోబెట్టారు. పాత్రకొకరిని పెట్టి కథ నడిపారు. ఎవరు ఎటు నుంచి రావాలి, గుంపు ఎలా విడిపోవాలి, వెలుగు ఎక్కడ పడాలి... అన్నీ లెక్కే. దుస్తులకూ నగలకూ గుడి శిల్పాలను చూశారు. ఆళ్ళగడ్డలో ఉలి చప్పుడు వింటూ పెరిగిన మనకు ఈ సంగతి వేరే చెప్పాలా! రాతిలో నిలిచిన భంగిమను మనిషి ఒంటి మీదికి తేవడమన్నమాట. మగ పాత్రల బిగువు కోసం కేరళ నుంచి కథాకళి గురువు చందు పణిక్కర్‌ని పిలిపించారు. నట్టువాంగం ఆడవాళ్ళూ చేయొచ్చని తానే తాళాలు పట్టి చూపించారు.

1944లో కుట్రాల కురవంజి, 1947లో కుమారసంభవం. ఆపైన రామాయణం ఆరు భాగాలు... 1955లో సీతాస్వయంవరంతో మొదలై 1970లో మహాపట్టాభిషేకంతో ముగిసింది. పదిహేనేళ్ళ పని!

మన తెలుగుకూ ఇందులో వాటా ఉంది. తంజావూరు దగ్గర మేలట్టూరులో భాగవత మేళం నాటకాలు తెలుగులోనే ఆడతారు. ప్రతి యేటా నృసింహ జయంతికి అక్కడ ప్రహ్లాద చరిత్రం ఉంటుంది. ఆళ్ళగడ్డ పక్కనున్న మన అహోబిలంలో జరిగిందని నమ్మే కథే అది! ఆ సంప్రదాయం నుంచి ఉషాపరిణయం, రుక్మిణీ కల్యాణం నాటకాలను రుక్మిణీదేవి కళాక్షేత్రం వేదిక ఎక్కించారు. మదనపల్లెలో పుట్టిన యామినీ కృష్ణమూర్తి తొలి అడుగులు నేర్చింది కూడా ఆ కళాక్షేత్రంలోనే.

పదవి కంటే పని

1952లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. మూగజీవాల కోసం గట్టిగా పోరాడారు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం వెనక ఆమె పట్టుదల ఉంది. 1956లో పద్మభూషణ్ వచ్చింది. 1977లో ప్రధాని మొరార్జీ దేశాయ్ రాష్ట్రపతి పదవికి నిలబడమంటే వద్దన్నారు. 1986 ఫిబ్రవరి 24న కన్నుమూశారు. తర్వాత 1993 నాటి పార్లమెంటు చట్టంతో కళాక్షేత్రం జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది.

పెళ్ళయింది, వయసు దాటింది, ఇంకేం నేర్చుకుంటాంలే అని ఆగిపోతుంటాం మనలో చాలామందిమి. రుక్మిణీదేవికి భర్త తోడు ఉంది, అండగా సమాజం ఉంది. అందరికీ అవి ఉండవు. అయినా అడయారులో ఆమె తొలిసారి వేదిక ఎక్కేసరికి వయసు ముప్పై ఒకటి. ఆ తర్వాత యాభై ఏళ్ళు పని చేశారు.