రాళ్లు ఏరిన చేతులు

ఈ నెల మేము ఒక పేద వడ్రంగి కుమార్తె జీవితమును మీ యెదుట ఉంచుచున్నాము. ఆమె పేరు మేరీ ఆనింగ్. 1799వ సంవత్సరము మే 21న ఇంగ్లాండు దేశపు దక్షిణ తీరమున లైమ్ రీజిస్ అను ఊరిలో ఆమె జన్మించెను.

ఆ ఊరి సముద్రపు ఒడ్డు కొండలలో అమ్మోనైట్లు అను రాళ్లు దొరకును. అవి పొట్టేలు కొమ్మువలె చుట్టలు చుట్టుకొని యుండును. పూర్వము సముద్రములో బ్రదికిన గుల్లజీవులు బురదలో కూరుకొని రాళ్లుగా మారినవే ఇవి. ఇవి సుమారు 20 కోట్ల సంవత్సరముల నాటివని పండితులు లెక్కకట్టిరి. రాయిని రెండుగా కోసి నునుపు చేసినచో లోపల చిన్న చిన్న గదులు వరుసగా కనబడును. ఆ అందమునకు ముచ్చటపడి ధనవంతులు వాటిని కొని అద్దాల బీరువాలలో దాచుకొనెడివారు.

మేరీ తల్లిదండ్రులకు అనేకులు బిడ్డలు కలిగినను, పెరిగి పెద్దవారైనది ఆమెయు ఆమె అన్న జోసెఫును మాత్రమే. 1810లో తండ్రి అప్పులు మిగిల్చి చనిపోయెను. సండేస్కూలులో చదువ నేర్చిన ఆ చిన్నది సుత్తి చేతబట్టి, గాలివాన వెలిసిన పిమ్మట చరియలు విరిగిన చోట రాళ్లు ఏరి, ఊరు చూడవచ్చినవారికి అమ్మి, ఇల్లు గడపుటకు తల్లికి తోడ్పడెను. అది ప్రాణాపాయమైన పని. 1833లో చరియ విరిగి ఆమె కుక్క ఆమె కండ్లెదుటనే చనిపోయెను. ఆమె కొద్దిలో తప్పించుకొనెను.

ఆ ఇంటికి రాళ్లు కొనవచ్చిన వారిలో థామస్ బర్చ్ అను సైనికోద్యోగి ఒకడు. అద్దె కట్టలేక ఆ కుటుంబము ఇంటి సామాను అమ్ముకొన సిద్ధపడుట అతడు చూచెను. చూచి ఊరకుండలేదు. తాను ప్రీతితో కూర్చుకొనిన రాళ్లనన్నిటిని 1820లో లండనులో వేలము వేయించి, వచ్చిన సుమారు 400 పౌన్లను వారికే ఇచ్చెను.

1823లో మేరీ పొడవైన మెడగల సముద్రజంతువు అస్థిపంజరమును పూర్తిగా వెలికితీసెను. పండితులు ఆమె తవ్వినవాటిని గూర్చి గ్రంథములు వ్రాసిరి గాని తరచుగా ఆమె పేరు వ్రాయ మరచిరి. లండను భూగర్భశాస్త్ర సంఘము 1919 వరకు స్త్రీలను సభ్యులుగా చేర్చుకొనలేదు. 1847 మార్చి 9న, 47 ఏండ్ల వయస్సున, రొమ్ము క్యాన్సరుతో ఆమె మరణించెను. 1850లో ఆ సంఘ సభ్యులును ఊరి పాదిరిగారును ఆమె జ్ఞాపకార్థము అక్కడి దేవాలయములో రంగుటద్దాల కిటికీ పెట్టించిరి. ఆకలిగొనినవారికి అన్నము పెట్టుట, రోగులను దర్శించుట మొదలగు ఆరు కనికరపు క్రియలు దానిమీద చిత్రింపబడినవి.

ప్రియులారా, అనేకులు ఆ ఇంట రాళ్లను చూచిరి. బర్చ్ ఆకలిని చూచెను. మనము మన బల్లమీది అన్నమును చూచి స్తోత్రము చెల్లించుచున్నాము. నాట్లు వేసిన చేతులను తలంచుచున్నామా? ఆ కూలి సాయంకాలమునకే అందుచున్నదా? ఈ నెల కుటుంబ ప్రార్థనలో మత్తయి సువార్త 25వ అధ్యాయము చదువుకొని, ఈ ప్రశ్నకు ప్రభువు ఎదుట జవాబు చెప్పుకొందము. చూచెడి కన్నులు ఆయన మనకు దయచేయును గాక.