ఒక పూట భోజనమే ఫీజు

అమెరికా పల్లెపాటల బాణీ అయిన కంట్రీ సంగీతంలో పెద్ద పేరు హ్యాంక్ విలియమ్స్‌ది. 1923లో అలబామాలో పుట్టారు. పుట్టుకతోనే వెన్నెముకలో లోపం, అందుకే ఆటలకు దూరం. గిటార్ నేర్పింది రూఫస్ పేన్ అనే నల్లజాతి వీధి గాయకుడు. ఫీజు కింద కొంత చిల్లర, లేదంటే తల్లి లిల్లీ పెట్టే భోజనం.

హ్యాంక్‌కు నొటేషన్ చదవడం ఎప్పటికీ రాలేదు. (నొటేషన్ రాలేదని ఏడ్చే పిల్లలకు ఈ సంగతి చెబుతుంటాను.) ఆయన కట్టిన పాటలకు నాష్‌విల్ పబ్లిషర్ ఫ్రెడ్ రోజ్ సానపెట్టేవారు. 1949లో గ్రాండ్ ఓల్ ఆప్రీ వేదికపై జనం మళ్లీ మళ్లీ పాడించుకున్నారు. తాగుడు వల్ల 1952లో అదే వేదిక పొమ్మంది. 1953 జనవరి 1న, కచేరీకి వెళ్తూ కారులోనే చనిపోయారు. వయసు 29.

పేన్ 1939లోనే కన్నుమూశారు, శిష్యుడి రికార్డు ఒక్కటీ వినకుండానే.