భీమవరపు సుబ్బారావుగారు - రక్తకణముల ఆయుర్దాయము

మా తణుకునకు అనతిదూరముననున్న భీమవరమున 1895 జనవరి 12న యల్లాప్రగడ సుబ్బారావుగారు జన్మించిరి. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమార్లు తప్పి, మూడవమారు నెగ్గిరి. ఈ సంగతి విద్యార్థులకన్న ఉపాధ్యాయులమగు మేమే తఱచుగా తలచుకొనవలసియున్నది. మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్లాచార్యుని ఆగ్రహమునకు గుఱియై, పూర్తి పట్టమునకు బదులు ఎల్.ఎమ్.ఎస్.తో తృప్తిపడవలసి వచ్చెను. ఇద్దరు సోదరులు స్ప్రూ అను వ్యాధిచే మరణించిరి. ఆ వ్యాధిలో ప్రేగులు ఆహారసారమును గ్రహింపజాలవు. రోగి రక్తహీనుడై క్షీణించును.

1923లో వారు అమెరికా వెడలిరి. భార్య శేషగిరిగారు ఇచ్చటనే ఉండిపోయిరి. ఆయన మరల రాలేదు. హార్వర్డులో ఫిస్కేతో కలసి 1925లో భాస్వరమును కొలుచు పద్ధతిని వెలువరించిరి. అయినను అచట స్థిరమైన పదవి దొరకలేదు. 1940లో లెడర్లీ ఔషధసంస్థలో చేరిరి.

ఎఱ్ఱకణము ఎన్నాళ్ళు జీవించును? 1919లో వినిఫ్రెడ్ ఆష్బీ అను విదుషి ఒక చక్కని యుక్తి పన్నెను. అన్య వర్గమువారికి ఓ వర్గపు రక్తమెక్కించి, పిదప వారి రక్తమును కొంచెము తీసి, వారి సొంత కణములు మాత్రమే గుంపుకట్టునట్లు చేసి, విడిగా మిగిలిన దాత కణములను లెక్కించుచు వచ్చెను. 1940 దశాబ్దమున షెమిన్ అను శాస్త్రజ్ఞుడు గుర్తింపదగిన నత్రజని గల గ్లైసీనును తానే మ్రింగి, అది తన రక్తమున ఎంతకాలముండునో చూచెను. ఆయువు సుమారు 120 దినములని తేలినది. అనగా క్షణమునకు ఇరువదిలక్షల కణములు గతించుచుండగా, అన్నియే మూలుగలో పుట్టుచుండవలెను.

ఆ పుట్టుకకు ఫోలిక్ ఆమ్లము కావలెను. అది కొఱవడినచో కణములు సరిగా విభజన చెందవు. రక్తములోనికి వచ్చిన పెద్దకణములును అల్పాయువులే. సుబ్బారావుగారి బృందము 1945లో దానిని కృత్రిమముగా తయారుచేసెను. స్ప్రూ రోగులకీయగా వారి రక్తము పుంజుకొనెను. సోదరులకు అందని మందు! అయితే వారు కాలేయసారమున వెదకినది మఱియొక తీవ్ర రక్తహీనతకు విరుగుడు. ఆ వ్యాధిలో నాడులకు కలుగు హానిని ఫోలిక్ ఆమ్లము ఆపలేదు. విరుగుడైన బి12ను 1948లో ఇతరులు వేఱుపఱచిరి. వెదకినది చిక్కక వేఱొకటి చిక్కినదనుటయే న్యాయము.

ఆ చిక్కినదే మఱొక త్రోవ చూపెను. ఫోలిక్ ఆమ్లమును పోలియుండి దాని పనిని అడ్డగించు అమినోప్టెరిన్‌ను లెడర్లీలో సిద్ధపఱచి, బోస్టనులోని ఫార్బరుకు అందజేసిరి. రక్తపుక్యాన్సరుతో మృత్యుముఖమున నున్న 16 మంది పిల్లలకు ఆయన దానినీయగా 10 మందికి, కొంతకాలమే యైనను, నెమ్మదించెను. 1948 జూనులో ఆ ఫలితములు ప్రకటితమయ్యెను. ఆగస్టులో సుబ్బారావుగారు మరణించిరి. అప్పటికి వారికి 53 ఏండ్లు.