ఆవిరికి లెక్క కట్టిన మెకానిక్

పిఠాపురం, సామర్లకోట ప్రాంతంలో తిరిగేవాళ్లకు రైసుమిల్లులు కొత్తేమీ కాదు. ఉప్పుడు బియ్యం మిల్లులో ఊకతో బాయిలర్ మండించి, ఆ ఆవిరితో ధాన్యం ఉడకబెడతారు. అందులో పనికొచ్చిన ఆవిరి ఎంత, వృథాగా పోయింది ఎంత? ఈ లెక్క చెప్పగలిగినవాళ్లకు ఇవాళ ఉద్యోగాలున్నాయి. రెండున్నర శతాబ్దాల కిందట ఇదే లెక్క మీద బతుకు నిలబెట్టుకున్నాడు జేమ్స్ వాట్. మన కరెంటు మీటరు మీద కిలోవాట్ అని ఉంటుంది చూడండి, ఆ వాట్ ఈయనే.

చిన్నప్పుడు విన్న కెటిల్ మూత కథ పక్కన పెట్టేయండి. ఆవిరి యంత్రాన్ని వాట్ కనిపెట్టలేదు. ఆయన పుట్టేనాటికే గనుల్లో నీళ్లు తోడటానికి న్యూకొమెన్ యంత్రాలు నడుస్తున్నాయి. ఉన్న యంత్రాన్ని అప్‌గ్రేడ్ చేయడమే వాట్ చేసిన పని.

1736లో స్కాట్లాండ్‌లోని గ్రీనాక్‌లో పుట్టాడు. తండ్రి వ్యాపారం దెబ్బతినడంతో కొలత పరికరాల తయారీ నేర్చుకుందామని లండన్ వెళ్లాడు. ఏడేళ్లు చేయాల్సిన అప్రెంటిస్‌షిప్‌ను డబ్బుల్లేక ఒక్క ఏడాదితో ముగించాడు. గ్లాస్గోలో షాపు పెట్టబోతే అక్కడి వృత్తి సంఘం ఒప్పుకోలేదు. శిక్షణ పూర్తి కాలేదన్నది వాళ్ల అభ్యంతరం. పని వచ్చు, కాగితం లేదు! చివరికి 1757లో గ్లాస్గో యూనివర్సిటీ తన ఆవరణలోనే ఓ గది ఇచ్చి, పరికరాలు రిపేరు చేసుకోమంది.

1763 చివర్లో న్యూకొమెన్ యంత్రం చిన్న నమూనా ఒకటి ఆయన బల్ల మీదికొచ్చింది. బాగు చేశాడు. కానీ నాలుగు ఊపులు ఊగి ఆగిపోయేది. వేరే మెకానిక్ అయితే ఇంతేలే అని తిరిగిచ్చేసేవాడు. వాట్ మాత్రం ఆవిరి ఎటు పోతోందో కొలవడం మొదలుపెట్టాడు. తేలిందేమిటంటే, ప్రతి ఊపుకీ సిలిండర్‌లో చన్నీళ్లు చల్లి ఆవిరిని నీరుగా మారుస్తున్నారు. దాంతో సిలిండర్ కూడా చల్లబడుతోంది. మళ్లీ దాన్ని వేడెక్కించడానికే ఆవిరిలో ఎక్కువ భాగం ఖర్చయిపోతోంది. 1765లో ఉపాయం తట్టింది. సిలిండర్‌ను ఎప్పుడూ వేడిగా ఉంచి, ఆవిరిని పక్కనున్న వేరే పాత్రలోకి లాగి అక్కడ చల్లబరిస్తే సరి. అదే కండెన్సర్.

ఐడియా వచ్చాక అంతా సాఫీగా సాగిందనుకుంటే పొరపాటు. గనిలో నడిచే యంత్రంగా మారడానికి పదకొండేళ్లు పట్టింది. ఆ మధ్యలో ఇల్లు గడవడానికి కాలువల సర్వేలు చేశాడు. 1769లో పేటెంట్ వచ్చింది గానీ, పెట్టుబడి పెట్టిన రోబక్ దివాలా తీశాడు. 1773లో వాట్ సర్వే పనిమీద దూరాన ఉండగా ఇంట్లో భార్య చనిపోయింది. ఆ తర్వాత బర్మింగ్‌హామ్ వెళ్లి మాథ్యూ బౌల్టన్‌తో చేతులు కలిపాడు. ఆవిరి లీకు కాని సిలిండర్ కుదరక పడ్డ తిప్పలు విల్కిన్సన్ బోరింగ్ మెషీన్‌తో తీరాయి. అసలు అది ఫిరంగి గొట్టాలు తొలవడంలో చెయ్యి తిరిగిన ఆయన పనితనం. 1776లో యంత్రాలు నడిచాయి.

మనం గమనించాల్సింది ఇక్కడే. కార్న్‌వాల్ గనులకు బొగ్గు ఓడల్లో వేల్స్ నుంచి రావాలి, చాలా ఖరీదు. బౌల్టన్, వాట్ అక్కడ పెట్టిన షరతు వినండి. పాత యంత్రంతో పోలిస్తే ఎంత బొగ్గు మిగిలిందో చూసి, ఆ ఆదాలో మూడో వంతు మాకివ్వండి అన్నారు. మరి మిగిలిందని రుజువేది? యంత్రం ఎన్నిసార్లు ఊగిందో లెక్కించే కౌంటర్‌ను తాళం వేసిన పెట్టెలో పెట్టి బిగించారు. అయినా గనుల వాళ్లు డబ్బు కట్టడానికి గింజుకున్నారు. కేసులు కోర్టుల దాకా వెళ్లాయి. వాట్ కూడా తక్కువవాడేం కాదు. 1800 వరకూ పేటెంట్ పట్టుకుని, ఆ యంత్రాన్ని ఇంకా మెరుగుపరచబోయిన వాళ్లకు అడ్డుపడ్డాడనే విమర్శ ఉంది, అందులో నిజమూ ఉంది.

పొగ మీద కూడా ఆయన దృష్టి పడింది. పొగను కొలిమిలోనే మండించేసే పద్ధతికి 1785లో పేటెంట్ తీసుకున్నాడు. అలాగని మొత్తం బొగ్గు వాడకం తగ్గిందా? లేదు. యంత్రం చవగ్గా నడవడంతో ఇంకా ఎక్కువ యంత్రాలు వచ్చాయి. ఈ చిక్కును ఆర్థికవేత్త జెవన్స్ 1865లో రాశాడు. యూనిట్‌కు ఎంత ఖర్చవుతోందో చూస్తే చాలదు, మొత్తం కూడా చూడాలని ఇప్పటి ఆడిటర్లు అనడానికి ఇదీ ఒక కారణం.

ఆదాలో వాటా తీసుకుని ఫ్యాక్టరీల యంత్రాలు మార్చే కంపెనీలను ఇప్పుడు ఎస్కోలంటున్నారు. మన దేశంలో 2001 ఇంధన పొదుపు చట్టం కింద బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఎనర్జీ మేనేజర్, ఎనర్జీ ఆడిటర్ సర్టిఫికెట్లు ఇస్తోంది. వీటికి చదువుతోపాటు పని అనుభవం కూడా అడుగుతారు. అందుకే ఫైనలియర్ ప్రాజెక్టు కోసం దగ్గర్లోని మిల్లు యజమానిని అడిగి చూడండి. ఆవిరి గొట్టానికి తొడుగు ఉందా, వేడి నీరు తిరిగి బాయిలర్‌లోకి వెళ్తోందా కాలువలోకి పోతోందా, మోటారు లోడుకు మించి పెద్దదా, గంటకు ఎంత ఊక పడుతోంది? ఒక వారం కొలిచి రాసుకుంటే, ఇంటర్వ్యూలో బల్ల మీద పెట్టడానికి మీ సొంత అంకెలుంటాయి.

వాట్ 1819లో, 83 ఏళ్ల వయసులో చనిపోయాడు. రిటైరయ్యాక కూడా ఇంటి పైగదిలో వర్క్‌షాప్ పెట్టుకుని, శిల్పాలకు నకళ్లు చెక్కే యంత్రాన్ని బాగుచేసుకుంటూ గడిపాడు.