పేగు జబ్బును వదలని సుబ్బారావు గారు

సెలవులకు మన సాలూరు కొండ ఊళ్ళకి వెళ్తే, మేకపిల్లలు పారుకొని చచ్చిపోవడం చూస్తుంటాం కదా. పేగు జబ్బుతో పోరాడిన ఒక మహానుభావుని గురించి చెప్తాను.

డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. స్ప్రూ అనే పేగు జబ్బు ఆయన అన్నగారిని పొట్టన పెట్టుకుంది. ఆయనకూ అదే వస్తే ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు. మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్ళారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లం తయారు చేసింది. అది స్ప్రూ రోగులకు మందయింది. దాన్ని కనిపెట్టడానికి తోడ్పడింది పెరుగులోని సూక్ష్మజీవుల చుట్టమే, పేరు లాక్టోబాసిల్లస్ కేసీ.

1948లో ఆయన పర్యవేక్షణలో ఆరియోమైసిన్ మందు వచ్చింది. ఆ ఏడు ఆగస్టులోనే ఆయన కన్నుమూశారు.

తర్వాత ఆ మందు మేతలో కలిపితే కోళ్ళు, పందులు తొందరగా పెరిగాయి. అందరూ వాడేశారు. కానీ మందుకు లొంగని క్రిములు పుట్టాయి. అందుకే యూరప్ దేశాలు బలుపు కోసం మేతలో ఇలాంటి మందులు కలపడం 2006లో పూర్తిగా ఆపేశాయి. ఇప్పుడు చాలామంది లాక్టోబాసిల్లస్ లాంటి మంచి సూక్ష్మజీవులనే మేతలో కలుపుతున్నారు. వాటినే ప్రోబయాటిక్స్ అంటారు. అవి పేగులో చోటు పట్టుకొని చెడ్డ క్రిములను నిలవనివ్వవు.

అన్నిటికన్నా ముందు మందు మాత్రం తల్లి ముర్రుపాలే. రోగాన్ని ఆపే శక్తి పిల్లకు ఆ పాలతోనే వస్తుంది. ఈనిన గంట రెండు గంటల్లోపే తాగించాలి. జున్ను మనకి తర్వాత! ఇంటికెళ్ళినప్పుడు ఈ మాట అమ్మానాన్నలకి తప్పక చెప్పండి.